వెనక్కి చూసే గొల్లభామ

గోడ అవతల నుంచి "గా మీట ముట్టకు" అన్న అరుపు వినిపిస్తే భూపతి కంప్యూటర్ ఆన్ చేశాడని అర్థం. ఆ అవతలి గది సిద్దిపేటలోని ఒక చేనేత సంఘం ఆఫీసు. ఇవతల నా జిరాక్స్ దుకాణం. మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ. ఆయన తిట్లు, దగ్గులు, టీ తాగేటప్పుడు చేసే చప్పుడు అన్నీ ఏళ్ల తరబడి నా చెవిన పడుతూనే ఉన్నాయి. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. మెచ్చుకుంటూ చెప్తానా, తిట్టుకుంటూ చెప్తానా అన్నది నాకే తెలియదు. రోజుకో తీరుగా అనిపిస్తుంది.

భూపతి పద్మశాలీల ఇంట పుట్టాడు. మీసం మొలిచే వయసులో తండ్రి వెంట భివండీ పోయి మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ చప్పుడుకు ఒక చెవి మందగించింది. తిరిగొచ్చాక మళ్లీ మగ్గమెక్కనని మొండికేసి, బస్టాండు దగ్గర మేడ మీద కొత్తగా పెట్టిన కంప్యూటర్ క్లాసులో చేరాడు. అప్పటి కంప్యూటర్లలో బొమ్మలు లేవు, మౌసు లేదు. నల్ల తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఏం కావాలన్నా మాట టైపు చేసి అడగాలి. భూపతికి ఆ పద్ధతి తెగ నచ్చింది. అడిగితే జవాబు చెప్తుంది, అడక్కపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది, మనుషులకన్నా నయం కదా అనేవాడు. నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు.

సంఘంలో ఉద్యోగం వచ్చింది కూడా ఆ నల్ల తెర పుణ్యమే. మా ఊరి గొల్లభామ చీర మీకు తెలిసే ఉంటుంది. తల మీద కుండ పెట్టుకుని, వరసగా, కొంగు మీద నడిచిపోయే గొల్లభామలు. ఆ బొమ్మను మగ్గం మీద పోగు పోగూ చేత్తో ఎత్తి, రంగు దారం తొడిగి నేస్తారు. బొమ్మ ఎక్కించాలంటే ముందు గళ్ల కాగితం మీద గీసుకోవాలి. ఆ గీత పనికోసం హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన సంఘానికి ఒక ప్రోగ్రాం రాసిచ్చి, మళ్లీ కంటికి కనిపించకుండా పోయాడు. తెర మీద గళ్లు వస్తాయి. నిండు గడి అంటే ఎర్ర దారం, చిక్కటి చుక్కల గడి అంటే పచ్చ, కాస్త పలచనిది పసుపు, బాగా పలచనిది చీర నేల. అంతే. కానీ ఆ గళ్లలోంచి గొల్లభామ లేచి నిలబడితే చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

పెంటవ్వ మా వాడలోనే ఉంటుంది. ఉండేది అనాలి, ఇంకా అలవాటు కాలేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు నేసిన గొల్లభామల్లో ఒకటి మిగతావాటిలా ఉండేది కాదట. కుండ తల మీద కాకుండా నడుం మీద ఉంటుంది. మెడ తిప్పి, ఎవరో పిలిచినట్టు వెనక్కి చూస్తూ ఉంటుంది. మెడ దగ్గర పోగులు అడుగడుక్కీ మారతాయి కాబట్టి మామూలు కొంగుకు రెండింతల కాలం పడుతుంది. అందుకే ఇంకెవరూ దాని జోలికి పోలేదు. ఆమె నేసిన చీరలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. ఎవరింట్లో ఉన్నాయో, ఉన్నాయో లేవో కూడా తెలియదు. ఆ బొమ్మ మిగిలింది పెంటవ్వ తలలోనే.

ఆమె కళ్లు మసకబారుతున్నాయని తెలిసి భూపతి ఒక వానాకాలమంతా ఆమెను రిక్షాలో ఆఫీసుకు తెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే భూపతి బతుకులో ఆయన చేసిన గొప్ప పని అదే. ఆమె కుర్చీలో కాదు, నేల మీద గోడకు ఆనుకుని కూర్చునేది. కింది వరస నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ వచ్చేది, రెండు ఎర్ర, ఒకటి ఇడువు, మూడు పచ్చ, ఒకటి ఇడువు. వరస అయిపోగానే ఆగి, ఆయన వేళ్ల చప్పుడు ఆగేదాకా ఎదురుచూసేది. ఎక్కడైనా తప్పు కొట్టాడని అనుమానమొస్తే మొదటికి రమ్మనేది. ఆయన విసుక్కునేవాడు కాదు. ఎవరి మీదా చూపించని ఓపిక ఆమె మీద చూపించాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి నేను కూడా దుకాణం వదిలేసి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. గొల్లభామ నిజంగానే వెనక్కి తిరిగింది.

అప్పుడు భూపతి ఒక గొప్ప మాట అన్నాడు. మనిషికి గర్వం తలకెక్కినప్పుడు వచ్చే మాట.

"ఇగ నువ్వు మర్శిపో పెద్దమ్మా. గిది మర్శిపోదు" అన్నాడు కంప్యూటర్ మీద చెయ్యేసి.

పెంటవ్వ నవ్వింది. "అయితే నా నెత్తి మీది బరువు దిగిందంటవ్" అంది.

కంప్యూటర్‌లోకి ఎక్కాక ఆ బొమ్మను ఎవరూ నేయలేదు కాబట్టి కాగితం మీద అచ్చు కూడా తీయలేదు. అవసరమైనప్పుడు తీసుకుందాం, ఎక్కడికి పోతుంది అనుకున్నారు.

ఇక్కడ కొంచెం కంప్యూటర్ సంగతి చెప్పాలి. భయపడకండి, నాకు అర్థమైనంతే చెప్తాను. యంత్రం లోపల అక్షరాలు ఉండవట. అంకెలే ఉంటాయి. ఏ అంకెకు ఏ బొమ్మ చూపించాలో ఒక పట్టిక ఉంటుంది. అలాంటి పట్టికలు బోలెడు. పాత నల్ల తెర ప్రోగ్రాములకు 437 నంబరు పట్టిక కావాలి. అందులో గళ్లు, గీతలు ఉంటాయి. సంఘానికి కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు అది వేరే పట్టిక పట్టుకుని కూర్చుంది. ప్రోగ్రాం తెరిస్తే గొల్లభామ లేదు. ఆమె ఉండాల్సిన చోటంతా తల మీద గొడుగులు పట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. సంఘం అధ్యక్షుడు బొమ్మలన్నీ పోయాయని గుండె బాదుకున్నాడు. భూపతి తీరిగ్గా టీ తాగి, నల్ల తెర మీద నాలుగక్షరాల మాటొకటి, దాని పక్కన 437 కొట్టి, ప్రోగ్రాం మళ్లీ తెరిచాడు. గొల్లభామలు ఎవరి చోటికి వాళ్లు వచ్చేశారు.

ఆ రోజు నుంచి ఆయన నడకే మారింది. ఆ మాట ఏమిటో ఎవరికీ చెప్పేవాడు కాదు. రాసి పెట్టమని అధ్యక్షుడు అడిగితే రాస్తే అర్థం కాదన్నాడు. నాకు తెలిసి అసలు సంగతి వేరు, తనను పిలవాలి. గజ్వేల్ నుంచి, ఇబ్రహీంపూర్ నుంచి కూడా పాత లెక్కల ప్రోగ్రాములు పిచ్చి అక్షరాలు చూపిస్తున్నాయని ఫోన్లు వచ్చేవి. భూపతి బండెక్కి వెళ్లి, నంబరు మార్చి, భోజనం చేసి వచ్చేవాడు. ఆయనకు ఒక నమ్మకం గట్టిపడింది. తెర మీద ఎంత చెత్త కనిపించినా లోపల సరుకు భద్రంగానే ఉంటుంది, సరైన నంబరు కొడితే చాలు. అప్పటిదాకా ఆ నమ్మకం ఒక్కసారి కూడా వమ్ము కాలేదు, అదే వచ్చిన చిక్కు.

భూపతి తల్లి యాదవ్వ ఏటా దసరాకు ముందు పెట్టెలోని చీరలన్నీ తీసి, మడతలు విప్పి, వేరే చోట మడత వచ్చేలా మళ్లీ పెట్టేది. నేతగాళ్ల ఇళ్లలో ఇది మామూలే. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే బట్ట అక్కడే చిరుగుతుంది. ఆమె దగ్గర ఇంకో పట్టింపు కూడా ఉండేది. పెట్టె తెరిచాక ఒక్క చీర కూడా పాత మడత మీద ఉండకూడదు. భూపతి మగ్గం వదిలాడు కానీ ఈ అలవాటు వదల్లేదు. ఏటా దసరా నాడు కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, డిజైన్లన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి మళ్లీ రాసిపెట్టేవాడు. ఆ పని చేయడానికి చిన్న ప్రోగ్రాం కూడా సొంతంగా రాసుకున్నాడు. ఒక్కసారి నొక్కితే అన్నీ విప్పి అన్నీ మడతేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో దాచిన రెండో ప్రతిని కూడా. కంప్యూటర్‌లో దాచినది బట్టలా మడత దగ్గర చిరగదు కదయ్యా అని నేను ఎగతాళి చేస్తే, నీకు జిరాక్స్ తప్ప ఏం తెలుసు అని కసురుకునేవాడు.

తరువాత సంఘం సభ్యుల పేర్లు తెలుగులో ఉండాలన్నారు. పేర్ల ప్రోగ్రాం కూడా నల్ల తెరదే. తెలుగు కొడితే వరసగా డబ్బాలు వస్తున్నాయి. భూపతి పట్టు వదల్లేదు. ఎక్కడెక్కడో వెతికి, కంప్యూటర్ లోపలి సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టాడు. దాంతో యంత్రమంతా 65001 అనే కొత్త పట్టికకు మారిపోయింది. లోకంలోని భాషలన్నీ అందులో ఉంటాయట. పేర్లన్నీ తెలుగులో చక్కగా వచ్చాయి. తమ పేర్లు తెర మీద చూసుకోవడానికి ముసలాళ్లు కూడా వచ్చారు. ఆ సాయంత్రం భూపతి అందరికీ మిర్చీలు తెప్పించాడు. నేనూ తిన్నాను, బాగున్నాయి.

ఆ వెంటనే దసరా వచ్చింది. ఆఫీసులో పూజ హడావిడి. భూపతి కుంకుమ పెట్టాడు, కాయ కొట్టాడు, మడతల ప్రోగ్రాం నొక్కాడు, జమ్మికి పోదామని లేచాడు. ముందు 437 కొట్టాలన్న ఆలోచన రాలేదు. ఎప్పుడూ కొట్టలేదు కూడా. పాత పట్టికల్లో ఏది ఉన్నా, ప్రతి అంకెకూ ఏదో ఒక అక్షరం ఉండేది. విప్పేటప్పుడు పిచ్చి అక్షరమైనా మడతేసేటప్పుడు మళ్లీ అదే అంకె అయ్యేది. కొత్త పట్టిక అలాంటిది కాదు. ఆ గళ్ల అంకెలు దానికి అసలు అర్థమే కావు. అర్థం కాని ప్రతిచోటా ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంటూ పోతుంది. పెట్టి, దాన్నే రాసేస్తుంది. తెరిచిన పెట్టెలో ఏదీ పాత మడత మీద ఉండకూడదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లోది కూడా అలాగే రాసేసింది. భూపతి తెర వంక చూడకుండా తలుపు తాళం వేసి జమ్మికి పోయాడు.

నవత వచ్చింది కార్తీకంలో. పెంటవ్వ మనవరాలు, కొడుకు బిడ్డ. ఆమెను బాపమ్మ అని పిలుస్తుంది. మగ్గం పని ఎవరికి కావాలన్న రోజుల్లో తనంతట తానే బాపమ్మ మగ్గం దులిపి ఎక్కిన పిల్ల. పెంటవ్వకు అప్పటికి చూపు పూర్తిగా పోయింది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల అడుగుల చప్పుడు పోల్చుకుంటూ పొద్దు గడిపేది. నవత కోరిక ఒక్కటే. బాపమ్మ ఉండగానే ఆమె గొల్లభామను నేసి, ఏమీ చెప్పకుండా ఒళ్లో పెట్టాలి. కళ్లు లేకపోయినా వేళ్లతో తడిమి ఆ మెడ దగ్గర తనే పోల్చుకోవాలి. ముందే తెలిస్తే ఆ సంతోషం సగమైపోతుందని బాపమ్మను బొమ్మ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఎలాగూ భూపతి కాక దగ్గర ఉంది కదా.

భూపతి డిజైన్ తెరిచాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ప్రశ్నార్థకాలు. ఎర్ర లేదు, పచ్చ లేదు, నేల లేదు, అన్నీ ఒక్కటే గుర్తు. ఆయన నవ్వాడట. పట్టిక మారింది, రెండు నిమిషాలు కూర్చో అన్నాడట. 437 కొట్టాడు. ప్రశ్నార్థకాలు కదల్లేదు. ఇంకో నంబరు కొట్టాడు, ఇంకోటి కొట్టాడు. ప్రశ్నార్థకం అన్ని పట్టికల్లోనూ ప్రశ్నార్థకమే. పిచ్చి అక్షరాలైతే కింద సరుకు ఉన్నట్టు. ఇవి అలా కాదు, సరుకు తీసేసి దాని చోట పెట్టినవి. ఆ సంగతి భూపతికి ఆ పూటే అర్థమై ఉంటుంది. అంత తెలియనివాడేం కాదు. కానీ నవతతో మాత్రం ప్రింటర్ రిబ్బన్ అయిపోయింది, హైదరాబాద్ నుంచి రావాలి, వచ్చే వారం రా అన్నాడు.

నేను ఆ మాట గోడ ఇవతల నుంచి విన్నాను. నా దుకాణంలో ప్రింటర్ ఉంది కదా, తెచ్చుకోవయ్యా అన్నాను. నీ ప్రింటర్‌కు గళ్లు సమజ్ కావన్నాడు. నమ్మాను. కంప్యూటర్ విషయంలో ఆయన మాట కాదనేంత తెలివి నాకెక్కడిది.

తరువాత తెలిసిన సంగతులు చెప్తాను. భూపతి ఆ కంప్యూటర్ డిస్కు విప్పి సంచిలో వేసుకుని హైదరాబాద్ పోయాడు. పోయినవి తిరిగి రాబట్టే దుకాణం వాళ్లు, పాతదాని మీదనే కొత్తది రాసేశావు, అడుగున ఏమీ మిగల్లేదని చెప్పి పంపించారు. అప్పుడు ఆయనకు పాత కంప్యూటర్ గుర్తొచ్చింది. దాన్ని పాత సామాను కొనే జలాల్‌కు ఇచ్చేశారు. భూపతి జలాల్ షెడ్డుకు వెళ్లి, విరిగిన ఫ్యాన్ల కింద, టీవీ డబ్బాల కింద దేవులాడాడు. ఆ డిస్కు ఎప్పుడో కరిగి ఇంకేదో అయిపోయి ఉంటుంది. జలాల్ కూడా పాపం చేతులు మసి చేసుకుని వెతికాడు. వెతికి వెతికి, ఇంతకూ అందులో ఏముందని అడిగాడు. భూపతి చెప్పాడు. ఈ లోకంలో భూపతి ఆ నిజం చెప్పిన మొదటి మనిషి జలాలే.

జలాల్ చేతులు దులుపుకుని లేచాడట. "అరే భాయ్, పెంటవ్వ జిందా ఉన్నది గద. పోయి ఆమెనే అడుగు" అన్నాడట.

భూపతి ఒంటికాలి మీద లేచాడు. నీకు పాత ఇనుము తప్ప ఏం తెలుసని అరిచి వచ్చేశాడు. జలాల్‌కు కోపం రాలేదు, ఆశ్చర్యం మాత్రం వేసిందట. ఇది నాకు జలాలే చెప్పాడు, అంతా అయిపోయాక. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఎంత తేలికైన పని! రెండు సందులు దాటితే అరుగు. అరుగు మీద ఆమె. కానీ నువ్వు మరిచిపో, ఇది మరిచిపోదు అని చెప్పిన నోటితో వెళ్లి ఏమని అడుగుతాడు? ఆయన అవస్థ నాకు అర్థమవుతుంది. అర్థమైనా మండుతుంది.

ఆయన ఆ సందులోంచి నడవడమే మానేశాడు. పెంటవ్వ అడుగుల చప్పుడు పోల్చుకుంటుంది కదా. మార్కెట్‌కు వెళ్లాలన్నా చుట్టు తిరిగి పోయేవాడు. భూపతి ఊళ్లో లేడా అని ఆమె నన్ను రెండు మూడుసార్లు అడిగింది. పనెక్కువైంది పెద్దమ్మా అన్నాను. నవత వారం వారం వచ్చేది. రిబ్బన్ రాలేదు, వచ్చింది కానీ సరిపోలేదు, సరిపోయింది కానీ ప్రింటర్ తల చెడింది. ఆ పిల్ల ఆయన చెప్పినదల్లా నమ్మి, పడుగు సిద్ధం చేసుకుని, రంగు దారాలు కూడా అద్దించి పెట్టుకుంది. ఆమె వెళ్లాక గోడ అవతల నుంచి టక టక మీటల చప్పుడు వినిపించేది. ఉన్న నంబర్లన్నీ ఒకటొకటిగా కొట్టేవాడట. అయిపోతే మళ్లీ మొదటి నుంచి. అది వెతకడం కాదు. పోయి చెప్పాల్సిన మాట చెప్పకుండా ఉండటానికి ఒక పని కల్పించుకోవడం. నాకలాగే అనిపిస్తుంది.

కొమురవెల్లి జాతర రోజులు వెళ్లిపోయాయి. ఎండలు ముదిరాయి. ఒక పొద్దున పెంటవ్వ అరుగు మీద నుంచి లేవబోయి ఒరిగిపోయింది. దవాఖానలో పక్షవాతమన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పోయింది, నోరు వంకర పోయింది. ఇంటికి తెచ్చాక మనుషులను పోల్చుకుంటోంది, చెప్పింది అర్థం చేసుకుంటోంది. మాట మాత్రం మాటలా రావడం లేదు. ఆమె ఏదో చెప్తుంది, మనకు వినిపించేది వట్టి ధ్వని.

ఆ కబురు విన్న రోజు భూపతి నా దుకాణంలోకి వచ్చి కూర్చుని మొత్తం చెప్పాడు. తోడు రమ్మంటే వెళ్లాను.

నవత మగ్గం దగ్గరే ఉంది. పడుగు బిగించి ఉంది, బొమ్మ ఎక్కాల్సిన చోట ఖాళీ. భూపతి నిలబడే చెప్పాడు. బొమ్మ పోయిందన్నాడు, దసరా నాడే పోయిందన్నాడు, రిబ్బన్ మాటలన్నీ అబద్ధాలన్నాడు. తిడితే బాగుండునని ఆయన చూసినట్టుంది. ఆ పిల్ల తిట్టలేదు. దారపు ఉండ ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"గిన్ని దినాలు బాపమ్మ పనేం లేక గా అరుగు మీదనే కూసుంది కాకా" అంది. "పోయింది అని నాకు ఒక్క మాట చెప్తే, నేనే పక్కపొంటి కూసుండి అడుగుతుంటి గద. ఆమెకైతే సంబురమే అయితుండె."

అయినా పెంటవ్వనే ఒక్కసారి అడిగి చూస్తాను అన్నాడు భూపతి. ఇప్పుడెందుకు అన్నట్టు నేను చెయ్యి పట్టి ఆపబోయాను. ఆయన ఆగలేదు. జేబులోంచి మడిచిన గళ్ల కాగితం తీశాడు. అది తెచ్చుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

పెంటవ్వ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆయన గుమ్మం దాటగానే అడుగుల చప్పుడు గుర్తుపట్టి ముఖం తిప్పింది. ఎడమ చెయ్యి చాచింది. భూపతి నేల మీద కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను. అడగడానికే వచ్చి ఉంటాడు కూడా.

"పెద్దమ్మా, గా వెనుకకు సూసే గొల్లభామను మల్లొక్కసారి చెప్తవా?" అన్నాడు.

ఆమె ముఖం వెలిగింది. అలా వెలుగుతుందని నేననుకోలేదు. ఒక్క క్షణం ఆలోచించుకుని మొదలుపెట్టింది. వంకరపోయిన నోటిలోంచి ధ్వని వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ఏ ఒక్కటీ మాట కాదు. ఎరుపేదో పచ్చేదో, ఎన్నో, ఎక్కడ విడవాలో ఏమీ తెలియడం లేదు. కానీ ఆమె చెప్తోంది. తడబడకుండా, వెతుక్కోకుండా, ఎప్పటి నుంచో చెప్పాలని ఉన్న సంగతి చెప్తున్నట్టు వరస వెనక వరస చెప్తోంది. బొమ్మ మొత్తం ఆమె దగ్గరే ఉంది. ఒక్క గడి కూడా పోలేదు.

భూపతి తన మంచి చెవిని ఆమె నోటికి ఆనించాడు. తన చెవిలో పడితేనైనా అర్థమవుతుందేమోనని నవత కూడా వంగింది. ఎవరికీ కాలేదు. వరస చివర ఆమె ఆగింది, ఆయన రాసుకోవాలని. ఆయన కాగితం మీద పెన్ను గీరాడు. ఆ చప్పుడు విని ఆమె తరువాతి వరస ఎత్తుకుంది. అలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. నవత కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. భూపతి ఒక్క వరస దగ్గర కూడా పెన్ను ఆపలేదు.

ఆమె పూర్తిచేసింది. చెమట పట్టి, ఆయాసపడి, ఎడమ చేత్తో ఆయన చేతిలోని కాగితాన్ని తడిమి, ముఖం ఆయన వైపు పెట్టి ఏదో అడిగింది. అది మాత్రం అందరికీ అర్థమైంది.

"రాసుకున్న పెద్దమ్మా" అన్నాడు భూపతి. "అంతా రాసుకున్న."